గ్రూపులో ఒదిగిన గొంతు సోలో పాడాల్సి వస్తే: ఒక జపనీస్ గాయని కేసు

ఈ కేసును ఆ గాయని అనుమతితోనే రాస్తున్నాను. ఎవరో పోల్చుకునే వీలు లేకుండా ఊరు, వయసు, ఏ సంవత్సరం, గ్రూపులో ఎంతమంది, ఏ పాటలు అన్న వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను. గొంతు విషయంలో జరిగింది మాత్రం జరిగినట్టే రాశాను. నేను టోక్యోలో వాయిస్ ట్రైనర్‌ని, నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది వోకల్ గ్రూపుల్లోనో కోరస్‌లోనో పాడేవాళ్లు. వాళ్లలో ఎవరైనా సోలోకి వెళ్తున్నామంటే చుట్టూ ఉన్నవాళ్లంతా చెప్పే సలహా ఒకటే: గొంతు పెంచు, ఇంకా పైకి పాడు. ఆ సలహా ఈమెను దాదాపు ఆస్పత్రి పాలు చేసింది కాబట్టి, అసలు లోపం ఎక్కడుందో తెలిసే వరకు ఏ దశలో ఏమనుకున్నామో వివరంగా చెప్పాలనుకున్నాను.

నేపథ్యం

జపాన్‌లో గ్రూప్ నుంచి సోలోకి రావడం కొత్తేమీ కాదు. నమియే అమురో 1992లో ఒకినావా నుంచి సూపర్ మంకీస్ గ్రూపుతో వచ్చి 1995లో సోలో అయ్యారు, 2018లో రిటైరయ్యేదాకా పెద్ద స్టార్‌గానే ఉన్నారు. ఎగ్జైల్ గ్రూపులో షున్‌గా పాడిన కియోకిబా షున్‌సుకే 2006లో బయటికొచ్చి సోలో దారి పట్టారు. కలాఫినా గ్రూపు 2019లో ముగిసింది, ఆ ముగ్గురిలో ఒకరైన వకానా అదే ఏడాది సోలో గాయనిగా మొదలుపెట్టారు. ఈ మూడూ బయటికి ఒకేలా కనిపిస్తాయి గానీ నా పనిలో అవి ఒకటి కావు. అమురో గ్రూపులో ఉండగానే ముందు నిలబడి లీడ్, అంటే పాట అసలు రాగం, పాడేవారు, అంటే సోలో గొంతు అప్పటికే తయారై ఉంది. కలాఫినా లాంటి గ్రూపులో అసలు అందమే మూడు గొంతులు ఒకేసారి వేర్వేరు స్వరాలు పాడి కట్టే హార్మనీ, అక్కడ పాడే మనిషి రోజూ సాధన చేసేది పక్క గొంతులో కలిసిపోవడం.

మా గాయని ఈ రెండో రకం. స్కూల్లో ఉండగానే గాస్షోబు, అంటే కోరస్ క్లబ్‌లో చేరింది. జపాన్‌లో స్కూలు కోరస్ ఆషామాషీ వ్యవహారం కాదు. ఎన్‌హెచ్‌కే నడిపే స్కూళ్ల సంగీత పోటీ 1932లో మొదలైంది, దానికోసం పిల్లలు నెలల తరబడి సాధన చేస్తారు. వాళ్ల క్లబ్‌లో యమహా హార్మనీ డైరెక్టర్ అనే కీబోర్డ్ ఉండేదట. ఒకే కార్డ్‌ను, అంటే కలిపి మోగించే కొన్ని స్వరాలను, మామూలు పియానో శ్రుతిలోనూ, శుద్ధ శ్రుతిలోనూ వాయించి వినిపించే వాయిద్యం అది. ఆ తేడా చెవికి ఎక్కేదాకా టీచర్ వదిలేవారు కారని చెప్పింది. మొదటిసారి కలిసినప్పుడు ఈ మాట నోట్సులో రాసుకున్నానే గానీ, కేసు మొత్తం దీని మీదే తిరుగుతుందని అప్పుడు తెలియదు.

ఆ తర్వాత దాదాపు పదేళ్లు వోకల్ గ్రూపులో ఉంది. ఎక్కువగా పాడింది కింది హార్మనీ, అంటే అసలు రాగానికి కింద సాగే స్వరాలు, దాన్ని అక్కడివాళ్లు షితాహమో అంటారు. గ్రూపు పాటల్లో ఏ లైన్ ఎవరు పాడాలో ముందే పంచేస్తారు, దాన్ని ఉతావరీ అంటారు. ఆమె పాత సాహిత్యం కాగితాలు నా దగ్గరికి తెచ్చింది. ఒక్కో మెంబర్‌కి ఒక్కో రంగు మార్కర్, ఆమెది ఆకుపచ్చ. పాట మొత్తంలో ఆకుపచ్చ గీత ఉన్న లైన్లు ఐదో ఆరో, మిగతా చోట్లంతా అంచున చిన్న అక్షరాలతో హార్మనీ స్వరాలు రాసి ఉన్నాయి. పదేళ్లలో ఒక్క పాటనైనా మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఒక్కతే పాడలేదు.

ఒప్పందం ముగిసింది, కొత్త ఏజెన్సీ దొరికింది. జపాన్‌లో ఈ దశలోనే పేరు గొడవలు వస్తుంటాయి, గాయని రినా ఐయుచి కేసులో 2022 డిసెంబర్‌లో టోక్యో జిల్లా కోర్టు తమ అనుమతి లేకుండా స్టేజ్ పేరు వాడకూడదని పాత ఏజెన్సీ పెట్టిన షరతు చెల్లదని తీర్పిచ్చింది కూడా. ఈమె సొంత పేరుతోనే పాడుతోంది కాబట్టి ఆ చిక్కు రాలేదు. పాత పాటల విషయం మాత్రం కొంచెం తెలుసుకోవాల్సి వచ్చింది. ఆ పాటల హక్కులు జాస్‌రాక్ సంస్థ చూసుకుంటుంది కాబట్టి వేదిక రుసుము కడితే కచేరీలో ఎవరైనా పాడుకోవచ్చు, కానీ రికార్డింగ్ ట్రాకులు పాత కంపెనీవి, వాటిని వేసుకుని పాడటానికి లేదు. అంటే పాత పాట పాడాలన్నా కొత్తగా వాయించుకోవాలి. ఆ రోజు ఇది ఖర్చు లెక్కలా కనిపించింది, తర్వాత ఇదే పనికొచ్చింది.

ఏ సమస్యతో వచ్చింది

కొత్త ఏజెన్సీ రెండు మూడు టెస్ట్ రికార్డింగులు చేయించింది. వాటి మీద వచ్చిన ఫిర్యాదులు ఇవి. గొంతు పల్చగా ఉంది. శ్రుతి నిలకడ లేదు, ఒకచోట కిందికి, ఒకచోట పైకి పోతోంది, ఒక పద్ధతి లేదు, సాఫ్ట్‌వేర్‌తో సరిచేసుకోవాల్సి వస్తోంది. గంటసేపు పాడితే అలసిపోతోంది. అన్నిటికంటే ఆమెను కుంగదీసిన మాట డైరెక్టర్‌ది: పాట బాగుంది, పాడే మనిషి కనిపించడం లేదు.

పదేళ్లు వేదిక మీద ఉన్న మనిషికి ఆ మాట ఎంత బరువో ఊహించుకోవచ్చు. "సెన్సేయ్ (టీచర్), ఇన్నాళ్లూ మిగతావాళ్లు నన్ను మోశారా?" అని అడిగింది. జవాబు చెప్పే ముందు పాడుతుంటే చూడాలన్నాను. స్టూడియోలో అద్దం ఇవతల కూర్చుని చూశాను. ప్రతి లైన్ చివర స్వరం నిలిపే చోట ఆమె కళ్లు ఎడమవైపు వెళ్తున్నాయి. అక్కడ మైకు స్టాండు తప్ప ఏమీ లేదు. గ్రూపులో లీడ్ పాడే అమ్మాయి నిలబడేది ఆ వైపు, లైన్ ఎక్కడ ఆపాలో ఆమె తల ఊపుతో అందరూ తెలుసుకునేవాళ్లు. ఇప్పుడా తల లేదు, అందుకే ఈమె ప్రతి లైన్‌నూ కొంచెం ముందుగానే వదిలేస్తోంది. వినేవాళ్లకు అది ధైర్యం లేని గొంతులా వినిపిస్తోంది.

మొదటి ప్రయత్నం: పవర్

నేను ఆ కళ్ల సంగతి చెప్పేటప్పటికే ప్లాన్ సిద్ధంగా ఉంది. మొదటి సింగిల్‌కి, అంటే విడిగా విడుదల చేసే పాటకి, పై స్థాయిలో గట్టిగా పాడేది ఎంచుకున్నారు, కీ (పాట ఆధార శ్రుతి) కూడా రెండు అరస్వరాలు పెంచారు. ఆ నిర్ణయం వెనక ఆలోచన తప్పుపట్టేది కాదు. పల్చగా ఉందన్న ఫిర్యాదుకు బలం అన్నది సహజంగా తోచే మందు, పైగా కింది హార్మనీ పాడే అమ్మాయి ఒక్కసారిగా పైకి వెళ్తే జనం ఆశ్చర్యపోతారని లెక్క. వైబ్రాటో, అంటే నిలిపిన స్వరంలో సన్నని ఊపు, బాగా పెట్టమన్నారు, కింది స్వరాలకు వాడే బరువైన ఛాతీ గొంతును పైదాకా లాగమన్నారు. వేరే కోచ్ దగ్గర ఆ సాధన సాగింది, నా దగ్గర శ్వాస పని మాత్రమే.

కొన్ని వారాలకే పొద్దున లేవగానే గొంతు బొంగురుపోవడం మొదలైంది. మామూలుగా మాట్లాడే స్వరంలో కూడా గాలి వినిపించింది. ఈఎన్‌టీ డాక్టర్ కెమెరాతో చూస్తే స్వరతంత్రుల రెండు అంచుల మీదా, ముందు భాగానికి మధ్య భాగానికి నడుమ, వాపు మొదలైంది. నాడ్యూల్స్, అంటే గట్టి బుడిపెలు, వచ్చే చోటు అదే. ఇంకా గట్టిపడలేదు, ఆపితే తగ్గుతుందన్నారు. అక్కడితో ఆ ప్లాన్ ఆగింది. పాడటం పూర్తిగా బంద్, మాట్లాడటం తగ్గించడం, ఆ తర్వాత నీళ్లలో స్ట్రా పెట్టి స్వరం ఊదే మెల్లని వ్యాయామాలు.

ఎందుకు బెడిసికొట్టిందో వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రయత్నాన్ని నేను ఇప్పటికీ ప్రతి చోటా చూస్తున్నాను. గొంతు పల్చన కావడానికి ఊపిరి బలం తక్కువ కావడం ఒక్కటే కారణం కాదు. సోలో గాయకుల గొంతులో 3,000 హెర్ట్జ్ దగ్గర్లో ఒక మెరుపు ఉంటుంది, వాయిద్యాల మధ్య నుంచి గొంతు బయటికి వినిపించేది దానివల్లే. రోసింగ్, సుండ్‌బెరి, టెర్న్‌స్ట్రోమ్ 1986లో ప్రచురించిన పరిశోధనలో ఒకే మనుషులతో సోలోగానూ కోరస్‌లోనూ పాడించి కొలిస్తే, కోరస్‌లో పాడేటప్పుడు వాళ్లు ఆ మెరుపును తగ్గించుకుంటున్నారని తేలింది. తగ్గించకపోతే ఆ ఒక్క గొంతే గుంపులోంచి పొడుచుకొస్తుంది మరి. మా గాయని పదేళ్లు చేసింది అదే. ఆమెకు లేనిది బలం కాదు, మెరుపును వాడుకునే అలవాటు. అది లేకుండా ఊపిరి ఎంత తోసినా ఆ భారమంతా స్వరతంత్రుల అంచుల మీద పడుతుంది.

రెండో ప్రయత్నం: కరిఉతా

గొంతు కుదుటపడ్డాక కొత్త ఏజెన్సీ ఇంకో దారి పట్టింది. జపాన్‌లో పాట తయారయ్యాక ముందుగా ఒక సెషన్ గాయనితో పాడించి ఇస్తారు, దాన్ని కరిఉతా అంటారు. మన సినిమావాళ్లు ట్రాక్ పాడించడం అంటారే, అదే. ఈసారి చాలా మంచి గాయనితో, భావం నింపి పాడించారు, దీన్ని చూసి నేర్చుకోమన్నారు.

ఆమె ఎంత బాగా నేర్చుకుందంటే రెండు రికార్డింగులు ఒకేసారి వేస్తే ఏది ఎవరిదో చెప్పడం కష్టమైంది. అచ్చుల ఆకారం, వైబ్రాటో మొదలయ్యే క్షణం, లైన్ మధ్యలో ఊపిరి శబ్దం, అన్నీ దిగిపోయాయి. డైరెక్టర్ మొదట చాలా సంతోషించారు. తర్వాత ఏజెన్సీలో నలుగురూ కూర్చుని విన్నప్పుడు మళ్లీ అదే మాట: ఎవరు పాడుతున్నారు ఇది?

నాకు మాత్రం ఆ ఫలితం చాలా విషయాలు చెప్పింది. అంత సూక్ష్మంగా పట్టుకోగలిగే చెవి ఉన్న మనిషికి శ్రుతి నిలకడ లేకపోవడం అసాధ్యం. ఎడమవైపు అమ్మాయి పోయింది, హెడ్‌ఫోన్లో కరిఉతా గాయని వచ్చింది, ఈమె ఆమెలో కలిసిపోయింది. లైన్ ఎక్కడ ఆపాలి, స్వరం ఎక్కడ పెట్టాలి, ఊపిరి ఎప్పుడు తీసుకోవాలి అన్న మూడు నిర్ణయాలూ ఎప్పటిలాగే వేరేవాళ్లవి. కాబట్టి నేర్పాల్సింది ఆ మూడూ తనే నిర్ణయించుకోవడం అని ఏజెన్సీకి చెప్పాను. సింగిల్‌ను కొన్ని నెలలు వెనక్కి జరపమన్నాను. మేనేజర్ అందుకు ఒప్పించారు, ఆయన ఆ పని చేయకపోతే ఈ కేసు ఇలా రాయగలిగేదాన్ని కాదు.

శ్రుతి చిక్కు విడిపోవడం

ముందు శ్రుతి పట్టుకున్నాం. టెస్ట్ రికార్డింగుల్లో తప్పిన స్వరాలన్నీ సౌండ్ ఇంజనీర్‌ని అడిగి తీసుకున్నాను. కింద ఉన్నవి ఒక జాబితా, పైన ఉన్నవి ఒక జాబితా. ప్రతి స్వరం పక్కన ఆ క్షణంలో వెనక మోగుతున్న కార్డ్ రాసుకుంటూ వెళ్లాం. సగం కాగితం నిండేసరికే విషయం తెలిసిపోయింది. కార్డ్‌లో మొదటి స్వరం, ఐదో స్వరం పాడినప్పుడు తప్పే లేదు. తప్పినవన్నీ మూడో స్వరాలు. మేజర్ కార్డ్‌లో మూడోది కిందికి పోతోంది, మైనర్ కార్డ్‌లో మూడోది పైకి పోతోంది. పద్ధతి లేదన్నారు గానీ, ఇంత కచ్చితమైన పద్ధతి నేను చాలా అరుదుగా చూశాను.

సంగీతం నేర్చుకున్న తెలుగువాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. తంబురా శ్రుతికి కుదిరే అంతర గాంధారం, హార్మోనియం మీది గాంధారం ఒకటి కావు, హార్మోనియంది కొంచెం పైన ఉంటుంది. లెక్కలో చెప్పాలంటే శుద్ధ శ్రుతిలోని మేజర్ మూడో స్వరం పియానో కంటే దాదాపు 14 సెంట్లు కింద, మైనర్ మూడోది దాదాపు 16 సెంట్లు పైన ఉంటుంది. అరస్వరం అంటే 100 సెంట్లు. గొంతులే కలిసి పాడే చోట ఆ శుద్ధమైన చోటే కార్డ్ తేటగా మోగుతుంది, స్కూల్లో ఆ కీబోర్డ్‌తో నేర్పింది అదే, గ్రూపులో ఆమెకు పేరు తెచ్చింది అదే. సింథసైజర్లు, పియానో నిండిన సోలో ట్రాకు మీద అదే స్వరం శ్రుతి తప్పినట్టు వినిపిస్తుంది.

ఈ కాగితం చూపించినప్పుడు ఆమె చాలాసేపు ఏడ్చింది. చెవి పోయిందేమోనని నెలల తరబడి భయపడిన మనిషి. చెవి అందరికంటే బాగా పనిచేస్తోందని, వెనక ఏ శ్రుతి మోగుతుందో చూసుకుని ఏ మూడో స్వరం వాడాలో ఎంచుకోవడమే మిగిలిందని చెప్పాను. సాధన చాలా సాదాసీదాగా పెట్టాం: పియానో మీద ఒక్క స్వరం, కార్డ్ లేకుండా, రాగం మాత్రమే. వేదిక మీద చెవిలో పెట్టుకుని వినే ఇయర్ మానిటర్లో కోరస్ పూర్తిగా ఆపేయించి పియానో పెంచాం. దీనికి ముందు ఒక చిన్న షోలో ఆమెకు ధైర్యంగా ఉంటుందని మానిటర్లో కోరస్ నింపి ఇచ్చారు, ఆ రోజు మళ్లీ హార్మనీ శ్రుతిలోకే జారిపోయింది, ఎందుకో ఇప్పుడు అర్థమైంది. కొన్ని వారాల్లో సాఫ్ట్‌వేర్‌తో సరిచేయాల్సిన పని దాదాపు పోయింది.

ఊపిరి, మాట, లైన్ చివర

ఊపిరి సంగతి ఇంకా లోతైనది. కోరస్‌లో పొడుగు స్వరం తెగకుండా ఉండాలంటే ఒక్కొక్కరూ వేరే వేరే చోట దొంగచాటుగా ఊపిరి తీసుకుంటారు. జపాన్‌లో దీనికి కన్నింగు బ్రెస్ అని పేరు. అలా పెరిగిన మనిషి ఊపిరి అయిపోయినప్పుడు తీసుకుంటుంది, మాట మధ్యలో అయినా సరే, ఎందుకంటే పక్కవాళ్లు ఆ ఖాళీని కప్పేస్తారు. సోలోలో ప్రతి ఊపిరీ వినిపిస్తుంది. గంటకే అలసిపోవడానికి కారణం కూడా ఇదే, దమ్ము తక్కువై కాదు.

రంగులేమీ లేని తెల్ల కాగితం మీద సాహిత్యం రాసుకురమ్మన్నాను. పాడొద్దు, ఎవరికైనా ఉత్తరం చదివి వినిపిస్తున్నట్టు చదవమన్నాను. చదివేటప్పుడు సహజంగా ఆగిన చోట్ల పెన్సిల్ గీత. ఆ గీతలే ఊపిరి. రాగం వల్ల ఎక్కడైనా కుదరకపోతే ఆ ఒక్కచోటు మాత్రం మార్చాం. అలా చదువుతుంటే ఇంకోటి బయటపడింది. జపనీస్‌లో లైన్ చివర వా, గా, నో లాంటి చిన్న విభక్తులు వస్తుంటాయి, గ్రూపులో అందరూ ఒకేలా పలకడానికి వాటిని గుండ్రంగా, మెత్తగా, భావం లేకుండా పలకడం నేర్చుకుంది. మామూలు మాటలో మాత్రం ఆ చిన్న అక్షరంలోనే కోపమో బతిమాలడమో ఉంటుంది. ఆమె మాట్లాడేటప్పుడు అది పుష్కలంగా ఉంది, పాడేటప్పుడు మాయమవుతోంది.

అందుకే లైన్ చివరల మీదే ఎక్కువ సమయం పెట్టాం. ఒక్కో లైన్‌ను మూడు రకాలుగా ముగించాలి: కోసేసినట్టు, గాలిలోకి వదిలేసినట్టు, చివరిదాకా పట్టుకుని. మూడూ రికార్డు చేయాలి, ఆమే విని ఒకటి ఎంచుకోవాలి, ఎంచుకునేదాకా గదిలో ఎవరూ నోరు విప్పకూడదు. నేనూ, డైరెక్టరూ కూడా. ఈ చివరి షరతు అన్నిటికంటే కష్టమైంది, ఎందుకంటే మొదట్లో ఆమె ప్రతిసారీ అద్దం ఇవతల మా మొహాలు చూసేది. మేం కుర్చీలు తిప్పి కూర్చునేవాళ్లం. నెమ్మదిగా ఎంపికలు త్వరపడ్డాయి, ఎడమవైపు చూపు తగ్గింది.

మెరుపు తేవడానికి వైబ్రాటో పాఠాలు పెట్టలేదు. దూరాన ఉన్నవాళ్లను "ఓయ్" అని పిలిచే పిలుపుతో మొదలుపెట్టాం. పొలం అవతలి గట్టున ఉన్న మనిషిని పిలిచినప్పుడు ఎవరూ గొంతు చించుకోరు, స్వరం దానంతటదే ముందుకొచ్చి సన్నగా మోగుతుంది. ఆ మోత పట్టుకుని, పిలుపును స్వరంగా, స్వరాన్ని లైన్‌గా మార్చుకుంటూ వచ్చాం. కీ తగ్గించాం, ఆమెకు బాగా పట్టున్న కింది స్థాయిలోనే. డాక్టర్ మళ్లీ చూసినప్పుడు వాపు లేదు.

కచేరీ

మొదటి సొంత కచేరీకి పెద్ద హాలు వద్దని, భోజనం బల్లలుండే చిన్న క్లబ్, పియానో ఒక్కటే అని పట్టుబట్టాం. అభిమానులు గ్రూపు పాట ఒక్కటైనా అడుగుతారు, కాదంటే బాధపడతారు. పాత ట్రాకు వాడటానికి లేదు కదా, కాబట్టి పియానోకి కొత్తగా రాయించాం. అప్పుడు ఆమెదే ఆలోచన: మొదటి చరణంలో అందరికీ తెలిసిన రాగం కాకుండా, పదేళ్లు తను పాడిన కింది హార్మనీనే ఒంటరిగా పాడతానంది. రెండో చరణంలో అసలు రాగం. వినేవాళ్లకు మొదట ఏ పాటో తెలియలేదు, సాహిత్యం వల్ల తెలిసింది, కొందరు బల్లల మీదికి ముందుకు వంగి విన్నారు. గ్రూపులో ఆమె చేసిన పని ఏమిటో వాళ్లు ఆ రోజే మొదటిసారి విడిగా విన్నారు.

ఇప్పుడు ఎవరు వచ్చినా

హార్మనీ పాడేవాళ్లు సోలోకి వస్తే మొదటి రోజు గొంతు పరీక్ష చేయను. పాత ఉతావరీ కాగితాలు తెమ్మంటాను, ఏ భాగం పాడారో, ఎవరిని చూసి ఆపేవారో అడుగుతాను. శ్రుతి తప్పుతోందంటే వెనక కార్డ్ ఏమిటో రాసుకునేదాకా మందు చెప్పను. పొద్దున బొంగురు ఉంటే అదే రోజు ఈఎన్‌టీకి పంపిస్తాను, రేపటిదాకా ఆగను. హైదరాబాద్‌లోనూ చెన్నైలోనూ ఏళ్ల తరబడి కోరస్, ట్రాకులు పాడి మెయిన్ పాటకు వచ్చేవాళ్లకు కూడా ఇందులో కొంత వర్తిస్తుందనే నా నమ్మకం, ముఖ్యంగా ట్రాకును అచ్చు దింపేసే నేర్పు ఉన్నవాళ్లకు.

తేలనివి ఇంకా ఉన్నాయి. వేగంగా సాగే పాటల్లో పెన్సిల్ గీతలకు చోటే ఉండదు, అక్కడ ఆమె మళ్లీ దొంగ ఊపిర్లకు వెళ్తోంది, అలాంటివి రెండు టూర్ జాబితా నుంచి తీసేశాం. పాటల మధ్య మాట్లాడే ఎంసీ అంటే కూడా టెన్షన్ పడుతుంది, గ్రూపులో ఆ పని ఇంకొకరిది. ఇంకోటి ఈమధ్యే వచ్చింది. కొత్త ఆల్బమ్‌లో హార్మనీలు కూడా తనే పాడాలనుకుంటోంది, చాలా మంచి ఆలోచన, కానీ హార్మనీ పాడి విన్న మరుసటి రోజు లీడ్‌ను మళ్లీ పాడతానంటుంది, పాడితే మూడో స్వరాలు పాత చోటికి జారతాయి. కాబట్టి ప్రస్తుతానికి లీడ్ ముందు పూర్తి చేస్తున్నాం, ఇంజనీర్ దాన్ని లాక్ చేస్తాడు, హార్మనీ సెషన్లు మొదలయ్యాక లీడ్‌ను ఎవరూ ముట్టుకోరు. మొదటి రెండు పాటలు అలాగే అయ్యాయి, మూడోది నడుస్తోంది.